సీసం మానేసిన పెద్దింటమ్మ

పెద్దింటమ్మ గురించి చెప్పాలంటే ముందు నా తెలివితక్కువతనం గురించి చెప్పాలి. ఆమె మనవరాలు లక్ష్మీదుర్గ నా దగ్గర రెండో తరగతి చదువుతోంది. అంతకు ముందు ఏడాది వంద దాకా గడగడా అంకెలు చెప్పిన పిల్ల, దసరా సెలవులు అయ్యేసరికి ముప్ఫై దగ్గరే తడబడుతోంది. కడుపునొప్పి అని బల్ల మీద తల వాల్చేస్తుంది. ఊరికే విసుక్కుంటుంది. పాతికేళ్ళుగా పిల్లల్ని చూస్తున్నదాన్ని కదా, చూడగానే రోగం కనిపెట్టేశాను. సెల్‌ఫోను! ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్ళి పిల్లల మెదడు, నిద్ర, ఫోను అంటూ అరగంట ఉపన్యాసం దంచాను.

పెద్దింటమ్మ అంతా ఓపిగ్గా విన్నది. తరవాత నెమ్మదిగా అడిగింది.

“మా ఇంటికంతా ఒక్క ఫోనేనండి. అది మా అబ్బాయి సింహాచలం చేపల చెరువు కాపలాకి పట్టుకెళ్ళిపోతాడు. పొద్దున్నెళితే చీకటి పడ్డాకే రావడం. మరి పిల్ల ఏ ఫోను చూసేస్తోందంటారు మేడంగారూ?”

అంత మర్యాదగా నన్నెవరూ చెంపదెబ్బ కొట్టలేదు.

గుండుగొలను దగ్గర హైవే దిగి చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో వెళితే మా బడి ఉన్న లంక ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో విసురువల అంటే పెద్దింటమ్మదే. గణపవరం నుంచి కూడా మనుషులు వచ్చి ఆవిడ దగ్గర వలలు కట్టించుకునేవారు. విసిరిన వల గొడుగులా విచ్చుకుని చటుక్కున నీళ్ళలోకి దిగాలంటే అంచు చుట్టూ బరువు సమానంగా ఉండాలి. ఆ బరువు సీసంతో వస్తుంది. పాత బ్యాటరీల సీసం కొని, వాకిట్లో పొయ్యి మీద ఇనప మూకుట్లో కరిగించి, ఇటుకలో చెక్కిన గాడిలో పోసి, చిన్న చిన్న గుళ్ళుగా తరిగి అంచుకి బిగించేది. పట్టకారు పట్టని చోట పళ్ళతో నొక్కేది. నలభై ఏళ్ళుగా అదే పని, అదే వాకిలి.

దుర్గ ఎప్పుడూ నాయనమ్మ ఒళ్ళోనే. తల్లి చేపల ప్యాకింగ్ షెడ్డుకి వెళుతుంది. ఇంటికి మూడు వైపులా చెరువులు. ఆ మధ్య అదే వీధిలో ఒక పసిపిల్ల నీళ్ళలో పడి చనిపోయింది. అప్పటి నుంచి పెద్దింటమ్మ ఈ పిల్లని కనుచూపు దాటనివ్వలేదు. పొయ్యి పక్కన పీట వేసి కూర్చోబెట్టుకునేది. ఆ పిల్ల సీసపు గుళ్ళతో గచ్చకాయలాడేది, నాయనమ్మని చూసి తనూ ఒక గుండు పళ్ళ మధ్య పెట్టి నొక్కేది. నేను వెళ్ళిన రోజు కూడా అదే చేస్తోంది. “చేతిపని నేర్పుతున్నారు, మంచిదేనండి” అని మెచ్చుకుని మరీ వచ్చాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, నా మీద నాకే.

రక్తం తక్కువగా ఉందని నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మందు మూడు నెలలు వాడినా పిల్ల తేరుకోలేదు. చివరికి ఏలూరులో రాజకుమారి అనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. ఆవిడ పిల్ల చిగుళ్ళు చూసి, కళ్ళు చూసి, “ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారు?” అని అడిగింది. పెద్దింటమ్మ గర్వంగా తన పని మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. సగంలోనే డాక్టరు రాయడం ఆపేసింది.

రక్తం పరీక్షకి పంపారు. వారం తరవాత కాగితం వచ్చింది. పిల్ల ఒంట్లో సీసం.

“ఎంత వరకూ ఉండొచ్చండి?” అని పెద్దింటమ్మ అడిగింది.

“అసలు ఉండకూడదమ్మా. పెద్దవాళ్ళ కంటే పసిపిల్లల ఒళ్ళు దీన్ని చాలా ఎక్కువగా పట్టేసుకుంటుంది. వాళ్ళ మెదడు ఇంకా పెరుగుతూ ఉంటుంది. ఆ పెరుగుదలకే ఇది అడ్డం పడుతుంది. దుమ్ములో ఉంటుంది, మీ చేతుల మీద ఉంటుంది, చీర మీద ఉంటుంది.”

“మందు లేదాండి?”

“మందు ఇస్తాను. కానీ ఇంట్లో సీసం ఉండగా మందేస్తే, పడవలో చిల్లు పూడ్చకుండా నీళ్ళు తోడినట్టే. ముందు అది ఇంట్లోంచి పోవాలి. పిల్లని ఖాళీ కడుపుతో ఉంచకండి. పాలు, గుడ్డు, ఆకుకూర, రాగిజావ పెట్టండి. దాంతో మాట్లాడండి, ఆడించండి, కథలు చెప్పండి. మెదడుకి అవీ తిండే.”

“పోయిన తెలివి తిరిగొస్తుందాండి?”

డాక్టరు అబద్ధం చెప్పలేదు. “ఎంత వస్తుందో చెప్పలేనమ్మా. ఇంకా పోకుండా మాత్రం ఆపగలం. మీరూ పరీక్ష చేయించుకోండి” అంది.

ఏలూరు బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక పెద్దింటమ్మ నాతో గొడవ పెట్టుకుంది. “నలభై ఏళ్ళు నోట్లో పెట్టుకున్నానండి, నాకేమయ్యింది?” అంది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. నేనూ తగ్గే రకం కాదు కాబట్టి ఇద్దరం కాసేపు గట్టిగానే అనుకున్నాం. ఇంతలో దుర్గ నిద్రలో నాయనమ్మ ఒళ్ళోకి జారింది. పెద్దింటమ్మ ఆ తల మీద చెయ్యి వేయబోయి, ఆ చేతిని చూసుకుని వెనక్కి తీసుకుంది. అప్పుడు ఏడ్చింది. బస్సు వచ్చేసరికి కళ్ళు తుడుచుకుని, “ఇంక మూకుడు పొయ్యెక్కదండి” అంది.

ఎక్కలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అని తనని తానే తిట్టుకుంటూ, ఆ ఆకుల్నే గట్టిగా పట్టుకుంది. దుర్గని, కోడల్ని గుండుగొలనులో కోడలి పుట్టింటికి పంపేసి రెండు నెలలు పిల్ల మొహం చూడలేదు. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లి, వాకిట్లో జానెడు లోతు మట్టి కొడుకుతో తవ్వించింది. గోడలు, అరుగులు తడిగుడ్డతో తుడిచింది. పనిలో కట్టుకున్న పాత చీరలన్నీ మూటగట్టేసింది. మట్టి బస్తాలు కొల్లేట్లో పడేస్తే సరిపోతుందని వీధిలో వాళ్ళు సలహా ఇచ్చారు.

“కొల్లేట్లో వేస్తే చేప తింటుంది. చేపని మళ్ళీ మనమేగా తినేది?” అంది. ఆ బస్తాలు పట్టుకెళ్ళే వాళ్ళ కోసం నేను ఆఫీసుల చుట్టూ తిరిగాను. లారీ వచ్చేదాకా వాటిని టార్పాలిన్ కప్పి, పిల్లలెవరూ రాకుండా తనే కాపలా కాసింది.

ఆ తరవాత బరువు కోసం ఇనప గొలుసు కొనుక్కొచ్చింది. మొదటి వల సగమే విచ్చుకుని ముద్దగా పడింది. చెరువు గట్టు మీద మగాళ్ళు పడీ పడీ నవ్వారు. ఆవిడ విప్పి మళ్ళీ కట్టింది. ఎన్నిసార్లు విప్పిందో నేను లెక్కపెట్టలేదు గాని, ఉగాది దాటాక కట్టిన వల సరిగ్గా గుండ్రంగా పడింది. సీసం వలంత చురుగ్గా దిగదని పాత ఖాతాదారుల్లో సగం మంది రాలేదు. రాని వాళ్ళందరూ వీధి చివర ఆవిడ తమ్ముడు జగ్గారావు ఇంటికి వెళ్ళారు.

అసలు యుద్ధం అక్కడే. ఆ వీధిలో వలలు కట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి, వాటిలో పిల్లలున్నారు. ఒక ఆదివారం రాజకుమారిగారు మా బడికి వచ్చి అందరి పిల్లల రక్తం తీస్తామన్నారు. అందరూ ఒప్పుకున్నారు, ఒక్క జగ్గారావు తప్ప. అతనికి ఏడాదిన్నర మనవరాలుంది, పద్మప్రియ. ఆ ఆదివారం పొద్దున్నే పెద్దింటమ్మ నన్ను వెంటబెట్టుకుని అతనింటికి వెళ్ళింది.

మూకుడు పొయ్యి మీదే ఉంది. సీసం కరిగి తళతళలాడుతోంది. నాలుగడుగుల దూరంలో పాప నేల మీద పాకుతూ, చేతికి దొరికింది నోట్లో పెట్టుకుంటోంది.

పెద్దింటమ్మ నేరుగా వెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పక్కనే బిందెలో నీళ్ళున్నా ముట్టుకోలేదు. కరిగిన సీసం మీద నీళ్ళు పడితే ఎగజిమ్ముతుందని ఆవిడ కంటే బాగా ఎవరికి తెలుసు? మండుతున్న కట్టెలు ఒక్కొక్కటే బయటికి లాగడం మొదలుపెట్టింది.

జగ్గారావు లేచి వచ్చాడు. “అక్కా! నీ పని పోయిందని నా పని కూడా చెడగొడతావేంటి?”

“నీ పని కాదురా, నా పని. చిన్నప్పుడే మూకుడు పట్టడం నీకు నేర్పింది నేనేగా. అందుకే వచ్చేను.”

“నేను పెరగలేదా? నా కొడుకు పెరగలేదా? ఏమయ్యిందిప్పుడు?”

“ఏమి పోయిందో మనకెలా తెలుస్తుందిరా? నీకు బడి అబ్బలేదని నాన్న బెత్తంతో కొట్టేవాడు, గుర్తుందా? సోమరిపోతన్నాడు. మొన్న మేడంగారూ దుర్గది ఫోను పిచ్చనే అనుకున్నారు.”

నేను తల దించుకున్నాను. జగ్గారావు పొయ్యి వైపు చూశాడు. పొయ్యిలో ఇంకో రెండు కట్టెలున్నాయి.

“దుర్గకి తగ్గుతుందా అక్కా?” అన్నాడు.

“ఒంట్లో సీసం సగానికి దిగిందన్నారు. తెలివి సంగతి తెలీదురా. డాక్టరమ్మగారికీ తెలీదంట. రోజూ పొద్దున్నే దాని మొహం చూసి, ఇవాళ ఏం మర్చిపోయిందోనని వెతుక్కుంటాను. దాన్ని అలా చేసింది ఎవరో కాదు, నేనే. ఆ బతుకు నీకొద్దు.”

జగ్గారావు వంగి మిగిలిన రెండు కట్టెలూ తనే లాగేశాడు. మూకుట్లో సీసం మసకబారి మెల్లగా గడ్డకట్టింది. ఈ లోపల పాప పాకుతూ వచ్చి అతని పంచె పట్టుకుని లేచి నిలబడింది, ఎత్తుకోమని రెండు చేతులూ చాచింది. అతను వంగబోయి ఆగిపోయాడు. తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

“అక్కా,” అన్నాడు, “దీన్ని నువ్వు ఎత్తుకో.”