మంచుసీమ పెండ్లికి ముసలామె

మా మనవరాలు బడిలో చెప్పడానికి ఒక కథ అల్లింది. మంచుసీమలో ఆక్సిజన్, హైడ్రోజన్ లాంటి మూలకాలన్నీ మనుషులై తిరుగుతుంటాయట. తాగడానికి నీళ్లు మాత్రం లేవట. నేను విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ విన్నాను.

"అంత మంచుంటే వాళ్లకి నీళ్ల కరువేంది మే?"

"ఆ మంచు ఎప్పటికీ కరగదవ్వా. అందుకే ఆక్సిజన్‌కు హైడ్రోజన్ అక్కచెల్లెండ్లను ఇద్దర్నీ ఇచ్చి పెండ్లి చేస్తాండారు. అప్పుడు నీళ్లు పుడతాయి."

"ఇద్దరినా! ఒగదాన్ని సాకేదానికే మీ తాత నానా తిప్పలు పడినాడు."

అది నవ్వి, పెండ్లి పందిరి బయట మంచులో ఒక ముసలామెను నిలబెట్టింది. ఆమె పేరు ఆర్గాన్. ఎవరితోనూ కలవదట.

"మొగుడు సచ్చినాడా ఆమెకి?" అని అడిగాను.

పిల్ల గతుక్కుమంది. మా ఆయన పోయినప్పటి నుంచి ఏ పెండ్లికి పోయినా, తలంబ్రాలు అయ్యేదాకా నేను వంటల దగ్గరే కూర్చుంటాను. అది చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే.

"లోపలికి పిలువు మే. నీళ్లు పుట్టే పెండ్లి అంటివి. మన పక్క అట్లాంటి పెండ్లికి ఎవురన్నా బయట నిలబడతారా? బిందె పట్టుకోని అందరికన్నా ముందుంటారు."

మరుసటి రోజు బడి నుంచి వస్తూనే చెప్పింది: "ముసలామెను ముందు వరసలో కూచోబెట్టినానవ్వా. చేతికి బిందె గూడా ఇచ్చినా."

"వక్కాకు ఇచ్చినావా?"

"అయ్యో, మర్చిపోయినా."

"అయితే అలిగి లేచి ఇంటికి పోయింటాది. రేపు పోయి మళ్లా చెప్పు."