మబ్బులు నేసే అమ్మాయి కథ

నిన్న మా పాప చదువుతున్న చైనా జానపద నవలలో మబ్బులు నేసే దేవకన్య కనబడింది. అట్టలూడిన లైబ్రరీ పుస్తకాల్లో చిన్నప్పుడు మనమూ ఆమె కథ చదివాం, గుర్తుందా? గద్వాలలో మగ్గం నేస్తున్న అమ్మకు నేనే చదివి వినిపించాను. అప్పుడు నాన్న షోలాపూర్‌లో మిల్లు పనిలో ఉన్నాడు.

"మబ్బును ఏ నూలుతోటి నేస్తదే?" అని అడిగింది అమ్మ.

"గది రాయలేదమ్మా."

కథలో తర్వాత దేవకన్యను, భూమ్మీద ఆమె పెళ్లాడిన భర్తను ఆకాశంలోని చుక్కల నది, అంటే పాలపుంత, విడదీసింది. ఏడాదికి ఒక్కరోజే కలుస్తారని చదివాను. అమ్మ చేయి ఆగింది.

"ఆమె నది దాటి పోరాదా?"

"దేవుళ్లు పోనియ్యరంట."

"మరి నన్నెవరు ఆపుతున్నరు?" అంది అమ్మ, తనలో తాను అనుకున్నట్టు.

మరునాడే మగ్గం మీద దుప్పటి కప్పి, నన్ను తీసుకుని షోలాపూర్ బయల్దేరింది. తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం వచ్చాం.