అందరూ అవునన్న ప్రశ్నలు

మొన్న మంగళవారం మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చానో లేదో ఫోను మోగింది. నేను పనిచేసి రిటైరైన సైకాలజీ డిపార్ట్‌మెంటులో ఇప్పుడు పాఠాలు చెబుతున్న కుర్ర లెక్చరరు. కమిటీ వాళ్ళు తనిఖీకి వస్తున్నారట, వెబ్‌సైటులో పాత ప్రొఫెసర్ల వివరాలు కూడా పెట్టాలట. "మీ రీసెర్చ్ ఇంట్రస్టులు రెండు లైన్లు పంపిస్తే చాలండి సార్. మిగతాది మేం సర్దుకుంటాం" అన్నాడు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగాన్ని రెండు లైన్లలో పెట్టడం నాకేమీ కష్టమనిపించలేదు. నిజానికి ఒక లైను మిగిలిపోయింది. "కార్మికుల ఉద్యోగ సంతృప్తి, వైఖరుల కొలత" అని అప్పటికప్పుడే పంపేశాను. పంపాక మాత్రం కునుకు పట్టలేదు. ఆ జాబితాలో ఉండవలసిన మనిషి ఇంకొకరున్నారు. ఆ అమ్మాయి పేరు ఏ వెబ్‌సైటులోనూ ఉండదు. ఉండకపోవడానికి కారణం నేను.

తొంభైల మధ్యలో మా డిపార్ట్‌మెంటు రాజమండ్రి ఊరి చివర ఒక పాత మేడ మీద ఉండేది. కింద కామర్స్ వాళ్ళు, పైన మేము. వానాకాలంలో గోడలు చెమ్మగిల్లేవి కాబట్టి బీరువాలన్నీ గది నడిమధ్యకి జరిపి ఉంచేవాళ్ళం. ఎదుటి మనిషి మొహం చూడాలంటే బీరువా చుట్టూ తిరిగి రావాలి. మేం నలుగురం. ఒక్కొక్కరికీ ఒక్కో పరిశోధనాంశం ఇంటిపేరులాగా అతుక్కుపోయింది. కొత్తవాళ్ళకి పరిచయం చేసేటప్పుడు మా హెడ్ గారు కూడా అలాగే చెప్పేవారు: "ఈయన నిర్ణయాలండి, ఆవిడ పరీక్షల భయం, అదిగో ఆ బీరువా వెనకాల ఉన్నాయన మిల్లులు." తాను వృద్ధాప్యం అని వేరే చెప్పుకోవలసిన అవసరం అప్పటికే ఆయనకి లేదు.

హెడ్ గారి అంశం ముసలితనంలో జ్ఞాపకశక్తి. ఏటా ఒకసారి కోరుకొండ వెళ్ళి, కొండ కింద నీడన కూర్చునే పెద్దవాళ్ళకి ఇరవై మాటలు చదివి వినిపించి, కాసేపాగి మళ్ళీ చెప్పమనేవారు. పదేళ్ళలో ఆ ఇరవై మాటలూ ఆయన మార్చలేదు. ఒక ఏడాది ఆయన సంచీ దించకముందే ఒక తాతగారు "చెంబు, గొడుగు, తాళం, మేక" అంటూ మొదలెట్టి చివరిదాకా అప్పజెప్పేశాడట. ఈ ప్రాంతంలో వయసుతో జ్ఞాపకశక్తి తగ్గడం లేదని హెడ్ గారు ఎంతో సంతోషంగా తిరిగొచ్చారు. కారణం ఏమై ఉంటుందండీ అని అడిగితే, "గోదావరి నీళ్ళండి" అన్నారు. నిర్ణయాల మీద పరిశోధన చేసే మా మిత్రుడు తన పుస్తకానికి పేరు ఖాయం చేసుకోలేక ఆరేళ్ళు అచ్చుకివ్వలేదు. పరీక్షల భయం మీద పనిచేసే మేడం గారు ఇన్విజిలేషన్‌కి వస్తే హాల్లో పిల్లలకి చేతులు వణికేవి. "మేడం గారు డేటా తయారుచేసుకుంటున్నారు, మనం అడ్డు వెళ్ళకూడదు" అనేవారు హెడ్ గారు. వీళ్ళని చూసి నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నవ్వడానికి నాకున్న అర్హత ఏమిటో అప్పుడు ఆలోచించలేదు.

నా అంశం మండపేట రైస్‌మిల్లుల్లో కూలీల ఉద్యోగ సంతృప్తి. ఇంగ్లీషులోంచి తెనిగించిన నలభై ప్రశ్నలు. చదువు రానివాళ్ళే ఎక్కువ కాబట్టి నేనే చదివి వినిపించి, వాళ్ళు అవునంటే ఒక గడిలో, కాదంటే ఇంకో గడిలో పెన్సిలుతో టిక్కు పెట్టేవాణ్ణి. మిల్లు ఆఫీసు ముందు కుర్చీ వేసేవారు. గుమస్తా గారు కాఫీ తెప్పించేవారు. ఉప్పుడు ధాన్యం ఉడికిన వాసన, కాళ్ళతో ధాన్యం తిరగేస్తున్న ఆడవాళ్ళ వరసలు, జల్లెళ్ళ మోత, నా చొక్కా మడతల్లోకి చేరి రాత్రిదాకా దురదపెట్టే ఊక దుమ్ము. ఆ నలభై ప్రశ్నల్లో సగం తిరగేసి అడిగేవి. ఒకచోట "ఈ పని మీకు తృప్తిగా ఉందా" అని ఉంటుంది, పది ప్రశ్నల తర్వాత "ఈ పని మీకు విసుగు పుట్టిస్తోందా" అని ఉంటుంది. మనిషి మనసుపెట్టి చెబుతున్నదీ లేనిదీ దాంతో తెలుస్తుంది. రెండింటికీ అవునంటే ఆ కాగితం పక్కన పడేయాలి. అదీ పద్ధతి.

మొదటి రోజే నాకు అర్థమైంది. తృప్తిగా ఉందా అంటే "ఉందండి" అన్నారు. విసుగ్గా ఉందా అంటే "ఉందండి" అన్నారు. మేస్త్రీ మంచివాడా అంటే అవునన్నారు, మేస్త్రీ తిడతాడా అంటే దానికీ అవునన్నారు. పద్ధతి ప్రకారం పక్కన పడేస్తే నా చేతిలో ఒక్క కాగితం కూడా మిగలదు. రాజమండ్రి వచ్చాక గదిలో కూర్చుని, తిరగేసిన ప్రశ్నల దగ్గర టిక్కులు రబ్బరుతో చెరిపి పక్క గడిలోకి మార్చాను. సరిగ్గా విని ఉండరులే, విని ఉంటే ఇదే చెప్పేవారు అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా థీసిస్సు అలా పూర్తయింది. ఆ తర్వాత చేసిన పెద్ద ప్రాజెక్టూ అంతే. మండపేట మిల్లు కూలీలు ఎంతో సంతృప్తిగా ఉన్నారని తేలింది. మిల్లుల ఓనర్లు ఆ వ్యాసం కాపీలు అడిగి తీసుకున్నారు.

ఆ అమ్మాయి నా దగ్గర ఎమ్మే చదివింది. కోనసీమ పిల్ల, తండ్రి పల్లెటూళ్ళో తెలుగు మాస్టారు. చదువయ్యాక మా దగ్గరే పార్ట్ టైమ్ లెక్చరరుగా చేరింది. పీహెచ్‌డీకి నన్నే గైడుగా అడిగింది. అంశం ఏంటమ్మా అంటే, ముందు మిల్లులు చూస్తానంది. ఒక వేసవి పొద్దున మండపేట తీసుకెళ్ళాను. నేను ప్రశ్నలు చదువుతుంటే పక్కన నిలబడి వింది. ఒక నడివయసు ఆవిడ రెండు ఎదురుబొదురు ప్రశ్నలకీ అవునంది. నేను టిక్కు పెట్టి ముందుకి వెళ్ళబోతుంటే ఈ పిల్ల ఆగలేదు.

"తృప్తిగా ఉందంటున్నారు, విసుగ్గానూ ఉందంటున్నారు. రెండూ ఎలాగండి పిన్నిగారూ?" అని అడిగింది.

ఆవిడ నెత్తి మీద తుండుగుడ్డ సర్దుకుని నవ్వింది. "అంత దూరం నుంచి ఎండన పడి వచ్చి అడుగుతున్నారు కదమ్మా పాపం. కాదని ఎలా అంటాం?"

తిరుగు ప్రయాణంలో బస్సు కిటికీ పక్కన కూర్చుని ఆ అమ్మాయి ఊరికే నవ్వుకుంటూ వచ్చింది. ద్వారపూడి దాటాక, "మాస్టారూ, అంశం దొరికిందండి" అంది. మర్యాద కోసం చెప్పే జవాబులు. అవే ప్రశ్నలు మేం అడిగితే ఏం చెబుతారు, వాళ్ళలో ఒకరే కూర్చుని అడిగితే ఏం చెబుతారు, రెండింటికీ తేడా ఎంత? నాకు తెలిసి మా డిపార్ట్‌మెంటులో ఎవరికైనా నిజంగా ఈ నేలలోంచి పుట్టిన ప్రశ్న అదొక్కటే. చాలా బాగుందమ్మా అన్నాను. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ ఏడాది ఒక నిబంధన వచ్చింది. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ లేని పార్ట్ టైమ్ వాళ్ళని జూన్ నుంచి కొనసాగించరు. అంటే రీసెర్చ్ కమిటీ ఆ అంశాన్ని ఒప్పుకుంటే ఆ పిల్ల డిపార్ట్‌మెంటులో ఉంటుంది, లేకపోతే ఇంటికి వెళ్ళిపోతుంది. కమిటీకి వారం ముందు హెడ్ గారు నన్ను గదిలోకి పిలిచారు. కోపంగా ఏమీ లేరు. ఆయనకి కోపం రావడం నేనెప్పుడూ చూడలేదు.

"ఆ అమ్మాయి చెప్పేది నిజమని తేలిందనుకోండి, మన అందరి థీసిస్‌లూ ఏమవుతాయండి? ముందు మీదే పోతుంది" అన్నారు. కాస్త ఆగి, "వచ్చే ఏడాది మీ ప్రొఫెసర్ ఇంటర్వ్యూ కూడా ఉంది కదా" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయన అదే జవాబుగా తీసుకున్నారు.

కమిటీ రోజు ఆ పిల్ల లేత ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ట్రాన్స్‌పరెన్సీలు ఒక్కొక్కటే పెడుతూ ఇరవై నిమిషాలు మాట్లాడింది. చాలా బాగా చెప్పింది. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన నిపుణుడు కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాడు. "ఇది చేయించండి సార్" అని కూడా అన్నాడు. ఒక్కసారి నేను గొంతు కలిపితే అయిపోయేది. హెడ్ గారు నవ్వుతూ నా వైపు తిరిగారు. "ఆలోచన మంచిదే. కానీ ఇంకా పక్వానికి రాలేదు, ఒక ఏడాది ఆగితే మంచిదని గైడు గారి అభిప్రాయం కూడా. అంతే కదండి?"

"అవునండి" అన్నాను.

ప్రొజెక్టర్ ఫ్యాను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆ అమ్మాయి నా వైపు చూడలేదు. షీట్ల మధ్య తెల్లకాగితాలు ఒక్కొక్కటే అమర్చి, అంచులు సరిచేసి, కవర్లో పెట్టుకుంది. తర్వాత వరండాలో నేను ఏదో నచ్చజెప్పబోయాను. వినకుండా అంది: "పోనీలెండి మాస్టారూ. పెద్దాయన పక్కకి తిరిగి అంత మర్యాదగా అడిగారు. కాదని ఎలా అంటారు పాపం?"

జూన్‌లో వెళ్ళిపోయింది. మరుసటి ఏడు నేను ప్రొఫెసర్నయ్యాను. తర్వాత హెడ్ గారు రిటైరై ఆ కుర్చీ నాకొచ్చింది. నా పేరు పక్కన పరిశోధనాంశాలు కాగితం మీద పెరుగుతూ పోయాయి గాని నేను మళ్ళీ మిల్లులోకి అడుగు పెట్టలేదు. పిల్లలకి వైఖరుల కొలత పాఠం చెప్పేటప్పుడు తిరగేసిన ప్రశ్నల దగ్గరికి రాగానే గబగబా చెప్పి పేజీ తిప్పేసేవాణ్ణి. ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఇన్నేళ్ళు ఎలా గడిపానో తలుచుకుంటే ఇప్పటికీ అలుపొస్తుంది.

ఆ అమ్మాయి పెద్దాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా ఉందని తెలిశాక రెండుసార్లు ఆ వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చాను. మూడోసారి లోపలికి వెళ్ళాను. అప్పటికి పదకొండేళ్ళయింది. జుట్టులో అక్కడక్కడ తెలుపు. నన్ను చూసి లేచి నిలబడి, "చిక్కిపోయారేంటండి మాస్టారూ" అంటూ కుర్చీ లాగింది. ఆయా చేత మజ్జిగ తెప్పించింది. గ్లాసు చేతిలో పట్టుకునే చెప్పాను. ఆ రోజు నీ పక్కన నిలబడవలసిందమ్మా, నిలబడలేదు. పైగా ఆ మిల్లుల కాగితాలు నేనే దిద్దుకున్నాను. ఈ సంగతి ఎవరికీ తెలియదు, నీకు చెప్పాలని వచ్చాను.

"నాకు తెలుసండి" అంది.

"ఎలా తెలుసు?"

"ఎమ్మేలో ఉండగా మీ ప్రాజెక్టు పట్టికలు వేసింది నేనే కదండి. రబ్బరు పెట్టిన చోట కాగితం నున్నగా ఉండేది. అన్నీ తిరగేసిన ప్రశ్నల దగ్గరే."

"మరి కమిటీలో ఎందుకు చెప్పలేదమ్మా? ఆ ఒక్క మాట చెప్పుంటే..."

"మీరు చెబుతారనుకున్నానండి" అంది. గొంతులో నిష్ఠూరం లేదు. అది ఉంటే నాకు కొంత తేలికయ్యేది.

నన్ను క్షమించగలవా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. ఆ పిల్ల బల్ల మీద దిద్దుతున్న కాగితాలు దొంతరగా పేర్చి, కాస్త ఆలోచించి చెప్పింది. "ఇప్పుడు నేను ఏమన్నా, ఇంత దూరం వచ్చిన పెద్దాయనకి మర్యాదకి అన్నట్టే ఉంటుందండి. అది మీకూ పనికిరాదు, నాకూ పనికిరాదు. మజ్జిగ తాగండి." ఇంతలో పీరియడ్ బెల్లు కొట్టారు. తొమ్మిదో తరగతికి పాఠం ఉందని చెప్పి, చాక్‌పీసు తీసుకుని వెళ్ళింది. మెట్ల దగ్గర ఎవరినో మందలిస్తున్న గొంతు వినబడింది, తర్వాత పిల్లలందరూ లేచి నిలబడిన చప్పుడు.

మజ్జిగ పూర్తిగా తాగాను. గ్లాసు కడిగి బోర్లించే చోటు కనబడక బల్ల మీదే పెట్టి బయటికొచ్చాను. కమిటీ గదిలో ఆ మాట చెప్పడానికి అర నిమిషం పట్టేది. నేను పదకొండేళ్ళు తీసుకున్నాను, ఈలోపల ఆ మాట అవసరమైన మనిషి అది లేకుండానే బతకడం నేర్చుకుని ముందుకి వెళ్ళిపోయింది.