వేపాకు వేసిన బియ్యం

తుపానంటే గౌరీశ్వరికి భయం కంటే ముందు పని గుర్తొచ్చేది. దసరా వెళ్ళడమే ఆలస్యం, మొదలెట్టేసేది. సబ్బవరం దగ్గర పుట్టింటి నుంచి రెండు బస్తాల బియ్యం తెప్పించి, పురుగు పట్టకుండా వేపాకు కలిపి, మూతి బిగించి గది మూల పెట్టించేది. అటుకులకో డబ్బా, మరమరాలకో డబ్బా, చింతపండు జాడీలో, బెల్లం ఉట్టి మీద. కరెంటు పోతే పిండిమర ఆడదు, అందుకని పిండి ముందే పట్టించాలి. వాన పడితే కట్టెలు రాజుకోవు, అందుకని మంచం కిందకి చేర్చాలి. పెదవాల్తేరులో వాళ్ళ వీధి ఆడవాళ్ళు ఆమెకి గోడౌను గౌరీశ్వరి అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకునేది.

ఊరికే పుట్టిన అలవాటు కాదది. డెబ్భైల మొదట్లో, కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో, ఒక తుపాను ఆమెని మూడు రోజులు ఇంట్లో పడేసింది. భర్త జగ్గారావు పోర్టులో క్రేను దగ్గర పని చేసేవాడు. హెచ్చరిక జెండా ఎక్కిందంటే అతన్ని ఇంటికి వదలరు. చంకలో పిల్ల, డబ్బాలో సోలెడు నూకలు. గంజి కాచి పోస్తే పిల్ల ఉమ్మేసేది. ఆకలికి ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. ఆ ఏడుపు గౌరీశ్వరి చెవిలో అలాగే ఉండిపోయింది.

జాలరిపేట నుంచి గంగాలమ్మ వారానికి రెండుసార్లు గంపెత్తుకుని వచ్చేది. ఆమెతో డబ్బు లావాదేవీ లేదు. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఇస్తే బియ్యం కొలిచిపోయాలి, అంతే. వేటకి వెళ్ళలేక వాళ్ళ పడవలు ఒడ్డెక్కిన రోజుల్లో ఆ పేటలో చాలా కొంపలకి అన్నం అలాగే వచ్చేది. పదేళ్ళుగా ఇద్దరి మధ్యా ఒక్క గింజ దగ్గర కూడా మాటా మాటా రాలేదు.

ఎనభైలు మొదలైన కొత్తలో, ఒక కార్తీకంలో, రేడియో పొద్దుటి నుంచీ వాయుగుండం వాయుగుండం అని ఒకటే పోరు పెట్టింది. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆ వేళప్పుడు గంగాలమ్మ గుమ్మంలో గంప దించింది.

"రెండు మానికలు బియ్యం పొయ్యమ్మా. సిట్టమ్మ పురుడోసుకుని పది దినాలయినాది. పచ్చి బాలింతరాలు, ఇంట్లో గింజ నేదు," అంది.

చిట్టమ్మ ఆమె కూతురు. గౌరీశ్వరికి తెలుసు, ఆ పిల్ల పెళ్ళికి పసుపు కుంకుమ పెట్టింది కూడాను. చెయ్యి మానిక మీదకి వెళ్ళింది. వెళ్ళిన చెయ్యి ఆగిపోయింది. ఈసారి ఎన్నాళ్ళుంటుందో, దారులు ఎప్పుడు తెరుస్తారో, ఇంట్లో ఇద్దరు పిల్లలు, అత్త.

"బియ్యం నిండుకున్నాయి గంగాలమ్మా. ఊరి నుంచి ఇంకా రానేదు," అంది.

చెప్పకేం, అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. గంగాలమ్మ ముఖం వాడింది గానీ అది తన ఇంటి గురించి కాదు. "అయ్యో, నీకూ నేవా? మరి పిల్లలకేటి పెడతావమ్మా?" అని, గంపలోంచి నాలుగు దోసిళ్ళు నెత్తళ్ళు తీసి చేటలో పోసింది. "ఉంచీసుకో. ముసురట్టిందంటే కూరలు దొరకవు. బియ్యం ఒచ్చినప్పుడు సూద్దాం," అని గంపెత్తుకుని వెళ్ళిపోయింది.

లోపల చాప మీద కూర్చున్న అత్త నారాయణమ్మ అంతా విన్నది. ఏమీ అనలేదు. అంటే బాగుండేదని గౌరీశ్వరికి అనిపించింది.

తుపాను ఆ సాయంత్రమే కొట్టింది. స్తంభాలు పడ్డాయి, పెంకులు లేచాయి, సబ్బవరం దారి చెట్లు పడి మూసుకుపోయింది. గౌరీశ్వరి ఇంట్లో దేనికీ లోటు లేదు. వేడన్నం, చింతపండు పులుసు, వేయించిన నెత్తళ్ళు. పిల్లలు కడుపునిండా తిన్నారు. ఆమె మాత్రం తన కంచం అలాగే మూత పెట్టేసింది. పదేళ్ళుగా ఎదురుచూసిన నిశ్చింత ఇదేనా అని తనని తానే తిట్టుకుంది.

మూడోనాడు గాలి తగ్గింది. మోకాలి లోతు నీళ్ళలో గంగాలమ్మ వస్తోంది, నెత్తిన ప్లాస్టిక్ సంచి.

"పేటలో లారీ ఒచ్చి బియ్యం పంచినారమ్మా. నీకు నేవన్నావు కదా. మాకొచ్చిన దాన్లో సగం తెచ్చినాను," అంది.

గౌరీశ్వరికి తల కొట్టేసినట్టయింది. పొయ్యి మీద అన్నం ఉడుకుతున్న వాసన వాకిట్లోకి వస్తూనే ఉంది. "సిట్టమ్మెలా ఉంది?" అని మాత్రం అడగగలిగింది.

"రెండ్రోజులూ ఎవరో పోసిన గంజే. పాలు సరిగ్గా పడ్డం నేదు. పిల్లడు ఏడ్సి ఏడ్సి గొంతు పోయినాది," అంది గంగాలమ్మ మామూలుగా.

ఆమె వెళ్ళాక నారాయణమ్మ ఆ మూడు రోజుల్లో మొదటిసారి నోరు తెరిచింది. "ఆ బియ్యమే ఒండవే. నువ్వు తిను," అంది. ముక్కిన వాసన, మెరిగలు, రాళ్ళు. గౌరీశ్వరి ఏడుస్తూ తిన్నది.

మర్నాడు పొద్దున్నే జగ్గారావు పోర్టు నుంచి వచ్చాడు. అతన్ని కాళ్ళు కడుక్కోనివ్వలేదు. విప్పని బస్తా సైకిలు మీద వేయించి, తాను వెనక నడుస్తూ జాలరిపేట వెళ్ళింది. దారి పొడుగునా ఒకే మాట కూడగట్టుకుంది. ఆ వేళ ఇంట్లో ఉన్నాయి గంగాలమ్మా, లేవని చెప్పాను. అంతే చెప్పాలి.

జగ్గారావు బస్తా దించి సైకిలు దగ్గరే నిలబడ్డాడు. గంగాలమ్మ ఇంటికి పైకప్పు సగం లేదు. చిట్టమ్మ ఒక మూల బిడ్డనేసుకుని కూర్చుంది. బిడ్డ నోరు తెరుస్తున్నాడు, శబ్దం రావటం లేదు. గౌరీశ్వరి నోరు విప్పేలోగా గంగాలమ్మే అడిగింది.

"ఊరి నుంచి ఒచ్చీసినాయా అమ్మా?"

గౌరీశ్వరి ఆ బిడ్డ నోటి వంకే చూస్తూ, దారంతా కూడగట్టుకున్న మాట వదిలేసింది.

"ఊఁ. ఒచ్చినాయి," అంది.

గంగాలమ్మ బస్తా మూతి విప్పి దోసెడు చేటలోకి తీసింది. బియ్యంతో పాటు వేపాకులు వచ్చాయి. ఎప్పుడో వేసినవి, ఎండి గలగలమంటున్నవి. ఆమె వాటిని చూసింది. చెట్లు పడి ఇంకా తెరవని సబ్బవరం దారి వైపుకి ఒకసారి చూసింది. తర్వాత ఒక్కొక్క ఆకే ఏరి పక్కన పెట్టుకుంటూ,

"మంచిదేనమ్మా, ఒచ్చినాయి కదా," అంది. "సిట్టమ్మా, అమ్మకి పీటెయ్యి."