కాలర్లు కుట్టే ఎడమచేయి

ఇక్కడ సింగపూర్‌లో మా ఆఫీసులో కొత్తగా చేరిన గుంటూరు అమ్మాయి మొన్న శని, ఆదివారాలు చైనాలోని షెన్‌జెన్ తిరిగొచ్చి, సోమవారం భోజనాల దగ్గర ఫోన్‌లో ఫొటోలన్నీ చూపించింది. "అక్కా, అక్కడ క్యాష్ తీస్తే మనల్ని వింతగా చూస్తున్నారు తెలుసా? వాళ్ల ముందు మన చాంగీ ఎయిర్‌పోర్టు కూడా పల్లెటూరే. నువ్వెప్పుడైనా వెళ్లావా?" అంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో అటువైపు వెళ్లానని మాత్రం చెప్పాను. సాయంత్రం బుకిట్ పంజాంగ్‌లో ఇంటికి చేరాక ఆనాటి డైరీ తీశాను గానీ, ఆ పేజీల దగ్గర ఎక్కువసేపు నిలవలేకపోయాను.

నాతోపాటు ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఏ మీటింగులో కూర్చున్నా దక్షిణ చైనా మాటే. అక్కడి ఫ్యాక్టరీలు ఎటు పోతున్నాయో, పల్లెల నుంచి వచ్చిన పనివాళ్లు ఏమవుతున్నారో చూసి రాయమని మా చిన్న రీసెర్చి సంస్థ ఇద్దరిని పంపింది. ఒకరు నేను, ఇంకొకరు మా సీనియర్. ఆవిడ ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ మనిషి, నేను ఆంటీ అనేదాన్ని. గ్వాంగ్‌జౌ, ఫోషాన్, డాంగ్‌గువాన్ అంటూ రైళ్లలో తిరుగుతూ ఆవిడ అందరితో కాంటనీస్‌లో మాట్లాడి నాకు చెప్పేది, నేను రాసుకునేదాన్ని. కొత్తవాళ్ల ముందు నోరు పెగలని నాకు అదే సుఖం. సగం కట్టి వదిలేసిన మేడలు, హాస్టలు వరండాల్లో ఆరేసిన యూనిఫారాలు, అన్నీ డైరీలోకి ఎక్కేవి. "యూ సో క్వైట్, బట్ యువర్ పెన్ టాక్ టూ మచ్ లా" అని ఆంటీ ఇక్కడివాళ్ల ఇంగ్లీషులో ఏడిపించేది.

డాంగ్‌గువాన్‌లో ఒక చొక్కాల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో, కాలర్లు కుట్టే ఒకామె మా బల్ల దగ్గర వచ్చి కూర్చుంది. ఇరవై ఏళ్లుగా అదే పని, అదే మిషను. కూతురు హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉందట, ఆ పరీక్ష అయ్యేదాకా పని నిలిస్తే చాలంది. తర్వాత గొంతు తగ్గించి, వెనక షెడ్డులో మిషన్లను పెట్టెల్లో సర్దుతున్నారని, వేరే దేశానికి తరలిస్తున్నారని, పనివాళ్లకు ఇంకా చెప్పలేదని చెప్పింది. ఈ మాట తన నోటినుంచి వచ్చినట్టు తెలియనివ్వొద్దంది. ఆంటీ మాట ఇచ్చింది. నేనూ తల ఊపాను.

మా పనిలో పనివాళ్ల పేర్లు అడగకూడదు, రాయకూడదు. అది వాళ్ల క్షేమం కోసమే. మమ్మల్ని లోపలికి రానిచ్చిన ఫ్యాక్టరీకి, రిపోర్టు అచ్చుకు పోకముందే మర్యాదగా ఒక కాపీ పంపడం ఇంకో ఆనవాయితీ. రెండూ నాకు తెలుసు. పేరు రాయలేదు. కానీ ఆమె ఎడమచేత్తో కుట్టడం, ఎడమచేతికి అమరే కత్తెర సొంతంగా తెచ్చుకోవడం నాకు ఎంత నచ్చాయంటే, డైరీలో రాసుకున్న ఆ వాక్యాన్ని, మిషన్ల తరలింపు సంగతి పక్కనే, యథాతథంగా రిపోర్టులో పెట్టాను. ఆంటీ అంకెలు సరిచూసింది. మా పై అధికారి ఆ పేరాను ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది.

కాపీ అందాక ఫ్యాక్టరీ మేనేజరు ఆంటీకి ఫోన్ చేసి ధన్యవాదాలు చెప్పాడట. కాలర్లు కుట్టే అంతస్తులో ఎడమచేతివాటం మనిషి ఒక్కతేనట. మర్నాడే పనిలోంచి, హాస్టల్లోంచి పంపేశారట. ఎక్కడికి వెళ్లిందని ఆంటీ అడిగితే, తమకేం తెలుసన్నాడట. ఆంటీ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. అచ్చయిన రిపోర్టులో ఆ వాక్యం లేదు. తీసేసినందువల్ల ఎవరికీ ఒరిగిందేమీ లేదు.

నిన్న ఆ గుంటూరు అమ్మాయి మళ్లీ వచ్చి, వచ్చే నెల డాంగ్‌గువాన్ కూడా చూడబోతున్నానని, నాకేమైనా కావాలా, నా తరఫున అక్కడ ఎవరినైనా కలవాలా అని అడిగింది. ఇప్పుడా ఊళ్లో గేటు దగ్గర మొహం చూపిస్తే తలుపు తెరుచుకుంటుందట, కూరలమ్మే ముసలమ్మ కూడా ఫోన్‌లో వెతికితే దొరుకుతుందట. ఆ కూతురు పరీక్ష రాసిందో లేదో ఒక్కసారి కనుక్కురమ్మని అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఎవరి కూతురని చెప్పను? ఆ తల్లి పేరైనా నేను అడగలేదు. ఏమీ వద్దు, జాగ్రత్తగా వెళ్లి రమ్మన్నాను.