ఫెల్టన్ చంపేసిన టీచర్

మా మాంట్‌సెరాట్ దీవిలో ఫెల్టన్ డేలీకి ఉన్నంత నోరు ఇంకెవరికీ లేదు. పక్క దీవి ఆంటిగ్వా నుంచి పొద్దున్నే పడవ దిగిన టూరిస్టులను, సాయంత్రం మళ్ళీ పడవ ఎక్కించేలోపు నవ్వించి, ఏడిపించి, మళ్ళీ నవ్వించి పంపుతాడు. పదకొండేళ్ళుగా వ్యాను నడిపేది నేను, మైకు పట్టేది అతను. నా పేరుతో మీకు పని లేదు.

అతను ఏడిపించేది ప్లిమత్‌లో. పోలీసులకు చెప్పి, గేటు తీయించుకుని, అగ్నిపర్వతం బూడిదలో పూడ్చేసిన ఆ పట్నంలోకి వెళ్తాం. ఒకచోట ఎర్ర రేకుల కప్పు మాత్రం పైకి కనిపిస్తుంది. అక్కడ ఆపమని నా భుజం తడతాడు.

"ఈ ఇంట్లో ఒక టీచరమ్మ ఉండేది. కొండ పేలుతోంది, రమ్మని అందరం బతిమాలాం. చనిపోయిన కూతురి ఫోటో వదిలి రానంది. ఆ ఫోటోని గుండెలకు హత్తుకునే పోయింది," అంటాడు. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు.

పచ్చి అబద్ధం. ఆల్ఫ్రెడా టీచర్ నిక్షేపంగా బతికే ఉంది. అదీ ఉత్తరాన మా పేటలోనే, ఫెల్టన్ ఇంటికి నాలుగిళ్ళ అవతల.

అసలు జరిగింది నాకు తెలుసు, ఆ రోజు నేనూ ఉన్నాను గనక. బూడిద పోకుండా ముక్కుకూ నోటికీ ముసుగులు కట్టుకుని ఫెల్టనూ నేనూ, ఊరు ఖాళీ చేయించడానికి ఇల్లిల్లూ తిరిగాం. మా నోట ఒకటే మాట, రెండు రోజులే అని. మేమూ అదే నమ్మాం. జనం రెండు జతల బట్టలు సర్దుకుని, పొయ్యి మీది మేకమాంసం పులుసుకు మూతపెట్టి మరీ బయల్దేరారు. టీచర్ మాత్రం గోడ మీది ఫోటో తీసి చంకలో పెట్టుకుంది. ఆరేళ్ళకే జ్వరంతో పోయిన కూతురిది. ఉన్నది ఆ ఒక్క ఫోటోనే.

"రెండు రోజులకి ఇదెందుకు టీచర్, లారీలో పగిలిపోద్ది," అని ఫెల్టన్ దాన్ని ఆవిడ చేతుల్లోంచి తీసుకుని, మళ్ళీ మేకుకు తగిలించాడు. ఆ రెండు రోజులు ఇప్పటికి ఇరవై తొమ్మిదేళ్ళయ్యాయి.

అప్పట్నుంచి అతను ఆవిడ గుమ్మం తొక్కలేదు. చర్చిలో ఆవిడ కుడివైపు కూర్చుంటే ఇతను ఎడమవైపు కూర్చుంటాడు. వెళ్ళి క్షమాపణ అడగరాదా అని ఒకసారి గట్టిగా అడిగాను.

"ముసుగుంది కదరా, నన్ను గుర్తుపట్టలేదు. ఇప్పుడు తవ్వడం ఎందుకు?" అన్నాడు. నేనూ సరేలే అని ఊరుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

మొన్న మార్చిలో ఒక పొద్దున, చేతికర్ర పట్టుకుని ఆల్ఫ్రెడా టీచర్ రోడ్డు పక్కన నిలబడి ఉంది. అందరిలాగే టికెట్ కొనుక్కుంది.

"ఎనభై ఎనిమిదేళ్ళొచ్చాయి. ఇల్లు ఇంకెప్పుడు చూస్తాను," అంటూ ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. ఫెల్టన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఎర్ర కప్పు దగ్గరికొచ్చినా అతను నా భుజం తట్టలేదు. నేనూ ఆపకుండా పోనిచ్చాను. వెనకనుంచి టోపీ పెట్టుకున్న ఒకావిడ, "ఫోటోతో చనిపోయిన టీచర్ ఇల్లు చూపించరా? మా అక్కకి కిందటేడు చూపించారట," అంది.

ఆల్ఫ్రెడా టీచర్ నా వైపు తిరిగింది. "ఆపు నాయనా. నేనూ వింటాను."

ఆపాను. ఇక నిజం చెప్పేస్తాడనుకున్నాను. చెప్పలేదు. మైకు చేతిలో ఉంటే ఆ నోరు అతని మాట కూడా వినదు. ఫోటో, గుండెలు, చావు, ఒక్క మాట తగ్గకుండా అన్నీ వచ్చాయి. కర్ర మీద గడ్డం ఆనించి టీచర్ తన చావు మొత్తం వింది. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది.

టూరిస్టులు ఫోటోలు తీసుకోవడానికి దిగారు. ఫెల్టన్ ఆవిడ సీటు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"టీచర్, ఆ రోజు ఫోటో లాక్కున్నది నేనే."

"తెలుసు. రెండో తరగతిలో నీకు ఎక్కాలు వల్లెవేయించినదాన్ని. ముసుగు కట్టుకుంటే గొంతు మారిపోద్దా?"

"రెండు రోజులే అనుకున్నాను టీచర్."

"నేనూ అనుకున్నాను. అందుకే ఇచ్చాను. దానికి నీ మీద కోపం లేదు. పిల్ల మొహం నేనేం మర్చిపోలేదు."

ఫెల్టన్ ఊపిరి పీల్చుకున్నాడు. తొందరపడ్డాడు.

"కానీ ఇన్నేళ్ళూ నాలుగిళ్ళ అవతలే ఉన్నాను కదరా," అంది ఆవిడ. "పోయిందని చెప్పేసుకుంటే ఇక చూడ్డానికి రానక్కర్లేదనా?"

ఆ మాట నాకూ తగిలింది; రోజూ ఆ గుమ్మం ముందునుంచే వ్యాను తోలుకుపోయేవాణ్ణి నేను.

ఇంతలో టోపీ ఆవిడ తిరిగొచ్చింది. టీచర్ ఇక్కడి మనిషని పోల్చుకుని, "పాపం, ఆ టీచర్ మీకు తెలుసా అమ్మా?" అని అడిగింది.

"బాగా తెలుసు," అంది ఆల్ఫ్రెడా టీచర్. "ఆవిణ్ణి చూడ్డానికి ఒక్కరూ రాలేదు."