అంచు లేని తువ్వాళ్లు

అత్తిమంజేరిపేట నేతగాడు ధర్మలింగం మగ్గం దిగి, వేళ్లకంటిన గంజి వాసనతోనే టీకొట్టు బెంచీ కొసన ఒదిగి కూర్చుంటాడు. గ్లాసును రెండు చేతులా పట్టుకుని మాట్లాడేవాళ్ల నోళ్లకేసి చూస్తాడు. రెండు పార్టీలవాళ్లకీ రంగు అంచుల పంచెలు నేసేది తనే కాబట్టి ఏ తగువులోనూ నోరు విప్పడు. ఆ రోజు టీవీలో మూలకణాల పరిశోధన మీద చర్చ నడుస్తోంది. సర్కారు ఇంకా నిధులివ్వాలని ఒక పార్టీ ఎలుమలై, ముందు దొంగ క్లినిక్కుల్ని కట్టడి చెయ్యాలని రెండో పార్టీ రాజమాణిక్యం ఎప్పటిలాగే కొట్లాడుకుంటున్నారు. ధర్మలింగం సంచిలోంచి రెండు తెల్ల తువ్వాళ్లు తీసి చెరొకరి చేతిలో పెట్టాడు.

“కరై యాడ ధర్మా?” పార్టీ అంచు కోసం తిరగేసి చూస్తూ అడిగాడు రాజమాణిక్యం.

“ఎయ్యలేదన్నా. మా కూతురు సుగంధి నెత్తురు జబ్బుకి ఏదో సూదేస్తామని ఒక క్లినిక్కోళ్లు నా మగ్గం అమ్మించబోయినారు. నువ్వు చెప్పే కట్టడి వచ్చి ఆ క్లినిక్కుని మూయించినారు. ఎలుమలన్న చెప్పే సర్కారు దుడ్డుతో పెద్దాసుపత్రిలో సుగంధికి దాని సొంత అన్న మూలకణాలు ఎక్కించినారు. ఇప్పుడు బిడ్డ మళ్లా నూలు కండెలు చుడతా ఉండాది. ఆ నూలే ఇది. ఒకే పడుగులో నేసి నడిమిన కోసినా.”

ఇద్దరూ తువ్వాళ్లు భుజాన వేసుకుని, తగువు వదిలేసి టీవీకేసి తిరిగారు.

ధర్మలింగం గ్లాసు రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు.

“ఎందుకన్నా ఆపేసినారు? కొట్లాడండి,” అన్నాడు.